ఫారం 26 అఫిడవిట్ రివ్యూ: నెల రోజులు వాడి చూశాక

మా మావయ్యకి గుంటూరు బ్రాడీపేటలో ఇల్లుంది, పొగాకు కంపెనీలో ముప్పయ్యేళ్లు చేసి రిటైరయ్యాక వచ్చిన డబ్బుంది, ఆ డబ్బు బ్యాంకులో ఊరికే పడుంటే ఆయనకి నిద్ర పట్టదు. సంక్రాంతి ముందు తాడికొండ అడ్డరోడ్డు దాటాక ఏదో వెంచర్ చూసి వచ్చాడు. ప్లాటు బాగానే ఉందట, కానీ ప్లాటు కంటే ఏజెంటు చెవిలో ఊదిన మాట ఆయనకి ఎక్కువ నచ్చింది. "ఇది అసలు ఎవరిదో తెలుసా సార్, ఫలానా ఆయనది, పేర్లు వేరే ఉంటాయి గానీ." ఫలానా ఆయనంటే మన వైపు గెలిచిన నాయకుడే, ఏ పార్టీయో ఏ ఊరో ఇక్కడ చెప్పను. మావయ్య ఇంటికి చేరకముందే నాకు ఫోన్ చేశాడు. "ఏరా, బెజవాడ గవర్నర్‌పేటలో కూచుని ఊళ్లో వాళ్లందరి లెక్కలూ చూస్తావు కదా, ఆయనకి ఇందులో నిజంగా వాటా ఉందో లేదో కాస్త కనుక్కోరా."

నేను ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, జీఎస్టీ వేసుకుని బతికేవాణ్ణి, డిటెక్టివ్‌ని కాదు. కానీ అడిగింది మావయ్య, పైగా ఆడిటింగ్ సీజన్ అయిపోయి కాస్త ఖాళీగా ఉన్నా. అందుకని ఎన్నికలప్పుడు అభ్యర్థులు నామినేషన్‌తో పాటు వేసే అఫిడవిట్, అదే ఫారం 26, మొదటిసారి కుదురుగా కూర్చుని చదివా. ముందు ఒకటి, తర్వాత సరదా పుట్టి ఇంకో పదిహేను. మన చట్టసభల వాళ్ల సొంత వ్యాపారానికీ, వాళ్లు ఓటేసే చట్టానికీ, సంతకం పెట్టించే పనికీ మధ్య ముడి ఎక్కడుందో మామూలు మనిషికి చూపించే వస్తువు మన దగ్గర దాదాపు ఇదొక్కటే. కాబట్టి కొన్న మిక్సీకి రాసినట్టే దీనికీ ఒక రివ్యూ.

ధర: ఉచితం. ఎన్నికల సంఘం అఫిడవిట్ల వెబ్‌సైట్లో ఉంటుంది, నామినేషన్ల టైములో రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డు మీద కూడా అంటిస్తారు. చదివే ఓపిక లేనివాళ్లకి ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) సంస్థ నడిపే మైనేత సైట్ ఉంది, అక్కడ ఆస్తి ఎంత, కేసులు ఎన్ని అని కుదించి ఇస్తారు. నా మాట వింటే మైనేత చూసి ఆగిపోకండి, మొత్తం ఎంత అన్నది తెలుస్తుంది గానీ అసలు సరుకు స్కాన్ కాగితాల్లోనే ఉంటుంది.

ఈ వస్తువు మనకి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు 1999లో ఏడీఆర్ పెట్టి కోర్టుకెక్కారు, 2002 మేలో సుప్రీంకోర్టు అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసులు తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందని చెప్పింది, పార్లమెంటు ఆ తీర్పుని పక్కన పెట్టేలా ప్రజాప్రాతినిధ్య చట్టంలో 33బి అని ఒక సెక్షన్ తెస్తే 2003 మార్చిలో దాన్నీ కొట్టేసింది. ఆ సెక్షన్ విషయంలో పార్టీలన్నీ ఎంత ఐకమత్యంగా ఉన్నాయో, మన విభజన హామీల మీద అందులో సగం ఉన్నా బాగుండేది. సరే. తర్వాత పెద్ద మరమ్మతు 2018 ఫిబ్రవరి 16న లోక్ ప్రహరి అనే సంస్థ వేసిన కేసులో జరిగింది: ఆస్తులు చెబితే చాలదు, ఆ డబ్బు ఏ దారిలో వచ్చిందో, ప్రభుత్వంతో కాంట్రాక్టులు ఏమున్నాయో కూడా చెప్పాలన్నారు. ఆ తీర్పు రాసింది జస్టిస్ చలమేశ్వర్, మన కృష్ణా జిల్లా మొవ్వ మండలం పెదముత్తేవి ఆయన. బెంచిలో రెండో జడ్జి జస్టిస్ అబ్దుల్ నజీర్, 2023లో మన రాష్ట్రానికే గవర్నరుగా వచ్చారు. అంటే ఈ ఫారంలోని పనికొచ్చే భాగం వెనకున్న ఇద్దరికీ మన బెజవాడతో ఏదో ఒక చుట్టరికం ఉంది, ఆ గడిని సరిగ్గా చదివేవాళ్లు మాత్రం బెజవాడలో నాకింకా తగల్లేదు.

ఇక ప్యాకెట్ విప్పితే. పాతిక పేజీల పైమాటే ఉంటుంది, ఫోన్లో చదివితే కళ్లు పోతాయి, అందుకని కోర్టు దగ్గర ఒక జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించా. కుర్రాడు పేజీ తప్పించి పేజీ తీసిచ్చాడు. ఇంటికెళ్లి చూస్తే సరిగ్గా కాంట్రాక్టుల పేజీ లేదు. ఇందులో కుట్ర ఏమీ లేదు, మిషన్లో కాగితం ఇరుక్కుందట, కానీ మా ఆవిడ మాత్రం "చూశారా, వాళ్ల చేతులు ఎంత దూరం ఉంటాయో" అని రెండ్రోజులు నవ్వింది.

ముందు మంచి గురించి చెబుతా. భూమి గడి చాలా బాగుంది, నిజంగా. ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వంగా వచ్చిందా కొన్నదా, కొంటే ఏ తారీఖున, ఎంతకి, దాని మీద ఎంత ఖర్చు పెట్టారు, ఇప్పుడు సుమారుగా ఎంత చేస్తుంది, ఇవన్నీ అడుగుతారు. భర్తకి విడిగా, భార్యకి విడిగా. సర్వే నంబరు చేతిలో ఉంటే ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో చూసుకోవచ్చు, మాస్టర్ ప్లాన్ పక్కన పెట్టుకుంటే రోడ్డు ఎటు పోతోందో, ఆయన పొలం ఎటుందో తెలిసిపోతుంది. నాకు ఈ ఫారంలో బాగా నచ్చింది కొన్న తారీఖు. విజయవాడ పరిసరాల్లో రాజధాని అని అసెంబ్లీలో ప్రకటించింది 2014 సెప్టెంబర్ 4న. ఏ నాయకుడి కాగితమైనా, ఏ పార్టీ వాడిదైనా, ఆ తారీఖుకి ఇటో అటో వేలు పెట్టి చూడటం మన రెండు ఊళ్ల వాళ్లకి అలవాటు కావాలి.

అమెరికా వాళ్ల గొడవ వేరు. అక్కడ కాంగ్రెస్ సభ్యులు షేర్లు కొంటారు, అమ్ముతారు, లోపల విన్న సంగతితో కొన్నారా అన్నది వాళ్ల తగువు. 2012లో స్టాక్ యాక్ట్ అని చేసుకున్నారు, వెయ్యి డాలర్లు దాటిన ప్రతి లావాదేవీనీ 45 రోజుల్లోపు బయటపెట్టాలి, ఆలస్యమైతే జరిమానా రెండొందల డాలర్లు. కోట్లలో వ్యాపారం చేసేవాడికి అది మన హెల్మెట్ ఫైను లాంటిది. అయినా 45 రోజులు అన్నది చూడండి, మనకి ఐదేళ్లు. ఇంకో తేడా ఉంది. మన నాయకుల్లో షేర్ మార్కెట్ మోజు ఉన్నవాళ్లు తక్కువ, నేల మోజు ఎక్కువ, కానీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ అనే నేరం చట్టంలో ఉన్నది షేర్లకే. అమరావతి భూముల మీద పెట్టిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసుని 2021 జనవరిలో మన హైకోర్టు కొట్టేసింది, జూలైలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది, షేర్ల చట్టంలోని మాటని తెచ్చి పొలాల అమ్మకానికి అంటించడం కుదరదని. ఆ కేసులో ఎవరు ఒప్పు ఎవరు తప్పు అన్నది నా పని కాదు. నా పాయింటు ఏంటంటే, రోడ్డు వస్తుందని ముందే తెలిసి పొలం కొన్న సభ్యుడిని పట్టుకునే చట్టం షేర్లకి ఉన్నంత సూటిగా భూమికి లేదు, కాబట్టి మనకి మిగిలింది ఈ ఫారంలో ఆ తారీఖు గడి.

ఇప్పుడు అసలు బాధ. షేర్ల గడి. లిస్టెడ్ కంపెనీ షేర్లయితే మార్కెట్ రేటు రాయాలి, లిస్ట్ కాని కంపెనీ అయితే పుస్తకాల్లో ఉన్న విలువ రాస్తే చాలు. ఈ ఒక్క లైను చదివి నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నా. మా క్లయింట్లలోనే చూడండి, ఏలూరు రోడ్డులో బిల్డింగు ఉన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి మూలధనం లక్ష రూపాయలు ఉంటుంది, పది రూపాయల షేర్లు పదివేలు. అలాంటి కంపెనీలో సగం వాటా ఉన్న మనిషి అఫిడవిట్లో "5,000 షేర్లు, రూ.50,000" అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు, అది అబద్ధమని కొట్టిపారేయడమూ కష్టమే. పక్క లైనులోనే బంగారం తులాలతో సహా, పాత స్కూటరు నంబరుతో సహా రాస్తారు! చిత్రంగా ఉంటుంది, స్కూటరుకి ముప్పైవేలు, బిల్డింగులో సగానికి యాభైవేలు.

అందుకే నేను కనిపెట్టిన చిట్కా. షేర్ల గడి వదిలేయండి, దాని కిందుండే "వ్యక్తులకు, సంస్థలకు ఇచ్చిన అప్పులు, అడ్వాన్సులు" గడి చదవండి. మన వైపు వ్యాపారాలు మూలధనంతో నడవవు, ఇంట్లోవాళ్లు పెట్టిన అప్పుతో నడుస్తాయి. ఫలానా డెవలపర్స్‌కి నలభై లక్షలు, ఫలానా ఆగ్రోకి కోటిన్నర, ఫలానా ఎడ్యుకేషనల్ ట్రస్టుకి ఇంత. వాటా దాచినా ఇచ్చిన బాకీ దాచబుద్ధి కాదు ఎవరికీ, రేపు వసూలు చేసుకోవాలి కదా. నేను చూసిన పదహారు అఫిడవిట్లలో సగానికి పైగా నాయకుడి వ్యాపారం ఏంటో నాకు తెలిసింది వృత్తి గడిలో కాదు, ఈ బాకీల గడిలోనే. వృత్తి గడిలో అందరూ వ్యవసాయం, సమాజ సేవ. సమాజ సేవ మీద అంత ఆదాయం ఎలా వస్తుందో మా క్లయింట్లు చాలామంది తెలుసుకోవాలనుకుంటున్నారు.

దాని పక్కనే 9ఎ, 9బి. 9ఎ ఆదాయం ఎక్కణ్ణుంచి అని, 9బి ప్రభుత్వంతో, పబ్లిక్ కంపెనీలతో కాంట్రాక్టులు ఏమున్నాయని. అభ్యర్థివి, జీవిత భాగస్వామివి, ఆధారపడినవాళ్లవి, ఉమ్మడి కుటుంబానివి, వాళ్లకి ప్రయోజనం ఉన్న ట్రస్టులవి, వాళ్లు భాగస్వాములుగా ఉన్న ఫర్ములవి, వాటా ఉన్న ప్రైవేటు కంపెనీలవి, అన్నీ వరసగా అడుగుతారు. లోక్ ప్రహరి తీర్పు తర్వాత వచ్చిన గడి ఇది, ఫారం మొత్తంలో నాకు ముద్దొచ్చిన పేజీ, జిరాక్స్ కుర్రాడు మింగేసింది కూడా ఇదే. ఇది ముందే ఉండి ఉంటే ఎలా ఉండేదో అనుకోవడానికి మన దగ్గర ఉదాహరణ ఉంది. 2013లో పోలవరం హెడ్‌వర్క్స్ పని దక్కించుకున్న జాయింట్ వెంచర్లో ట్రాన్స్‌ట్రాయ్ ఉంది, ఆ కంపెనీ రాయపాటి సాంబశివరావు గారి కుటుంబంతో ముడిపడినదని అందరికీ తెలుసు, అప్పుడాయన గుంటూరు ఎంపీ, 2014లో నరసరావుపేట ఎంపీ. 2018లో మిగిలిన పనులు నవయుగకి వెళ్లాయి. ఆ కాంట్రాక్టు వెనక ఏదో జరిగిందని నేను అనట్లేదు. 2014లో నరసరావుపేట ఓటరు చేతికొచ్చిన ఫారంలో కాంట్రాక్టుల గడే లేదు అంటున్నా, అంతే.

అసలు మన రెండు ఊళ్ల ఎంపీల్ని వరసగా తలుచుకుంటే ఈ సబ్జెక్టు మనకి ఎంత దగ్గరో తెలుస్తుంది. 2004 నుంచి పదేళ్లు విజయవాడకి లగడపాటి రాజగోపాల్, ల్యాంకో కంపెనీ, మన కొండపల్లి పవర్ ప్లాంటు అప్పట్లో వాళ్లదే. తర్వాత పదేళ్లు కేశినేని నాని, బస్సులు. 2017 మార్చిలో ప్రైవేటు బస్సుల వ్యవహారం మీద రవాణా కమిషనర్ దగ్గర గొడవ, మర్నాడు క్షమాపణ, ఆ వెంటనే ఏప్రిల్‌లో కేశినేని ట్రావెల్స్ మూసేయడం, మనందరం చూసిందే. గుంటూరుకి 2014 నుంచి పదేళ్లు గల్లా జయదేవ్, అమరరాజా బ్యాటరీలు. ఆయన దగ్గర ఈ కథ తిరగబడుతుంది కూడా: 2021లో కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల ఫ్యాక్టరీలు మూసేయమని ఆదేశాలిచ్చింది, హైకోర్టు ఆపింది, 2024 జనవరిలో ఆయన రాజకీయాల నుంచి పక్కకి తప్పుకున్నారు. వ్యాపారమున్న సభ్యుడు ప్రభుత్వాన్ని వాడుకుంటాడా అన్నదే మనం మాట్లాడతాం, ఆ వ్యాపారం పిలక ప్రభుత్వం చేతిలో ఉంటే ఆ సభ్యుడు సభలో నోరు ఎంతవరకు తెరుస్తాడు అన్నది కూడా అదే ప్రశ్నకి రెండో వైపు. 2024లో గుంటూరులో గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ గారు 5,700 కోట్ల పైచిలుకు కుటుంబ ఆస్తి చూపించారు, దేశమంతా వార్త. 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 504 మంది కోటీశ్వరులని ఏడీఆర్ లెక్క. డబ్బుండటం తప్పు కాదు, దాచకుండా పెద్ద అంకె రాసినవాడే నయం. మనం ఆ అంకె చూసి నోరు వెళ్లబెట్టి కాగితం మూసేస్తాం, 9బి దాకా పోము.

పోయినా అక్కడ ఏం కనపడుతుంది అంటే, చట్టం చాలా సన్నగా ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ (ఫారంలో 9ఎ వేరు, ఇది వేరు, ఈ పేర్లు పెట్టినవాళ్లకి దండం) ప్రకారం ప్రభుత్వ కాంట్రాక్టు ఉంటే సభ్యుడిగా అనర్హుడు. వినడానికి గట్టిగా ఉంటుంది. కానీ కాంట్రాక్టు ఆయన సొంత వ్యాపారంలో, ఆయన చేసుకున్నదై ఉండాలి, పైగా ఎంపీకైతే కేంద్రంతో, ఎమ్మెల్యేకైతే రాష్ట్రంతో. రాష్ట్ర ప్రభుత్వ పని చేసే ఎంపీకి ఈ సెక్షన్ తగలదు. భార్య పేరు మీద ఫర్ము ఉంటే తగలదు.

ఇంతకంటే పెద్ద కన్నం "ఆధారపడినవారు" అన్న మాటలో ఉంది. సొంత సంపాదన లేకుండా అభ్యర్థి మీద బతికేవాళ్లే ఆధారపడినవాళ్లు. పెళ్లయి, పాన్ కార్డు ఉండి, జూబ్లీహిల్స్‌లో ఆఫీసు పెట్టిన కొడుకు ఆధారపడినవాడు కాదు. అల్లుడు కాదు. బావమరిది కాదు. తమ్ముడు కాదు. మన తెలుగిళ్లలో వ్యాపారం ఎవరి పేరు మీద ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఈ ఫారం గీసినవాళ్లు పెళ్లాం, చదువుకునే పిల్లలు ఉన్న గుమస్తా కుటుంబాన్ని ఊహించుకుని గీశారు, నాయకుడి ఇల్లేమో బావమరుదులతో నడుస్తుంది. ఇక్కడే నేను ఒక స్టార్ పూర్తిగా కోసేశా.

ఇంకో స్టార్ కోసింది టైముకి. ఈ కాగితం నామినేషన్ రోజు తీసిన ఫోటో. గెలిచాక ఎంపీ అయితే ప్రమాణం చేసిన 90 రోజుల్లోపు ఆస్తులు, అప్పులు సభకి చెప్పాలని 75ఎ సెక్షన్ ఉంది, ఆ సెక్షన్ ఎమ్మెల్యేలకి వర్తించదు. రాజ్యసభ ఈ విషయంలో నయం, సభ్యుల ప్రయోజనాల రిజిస్టరు పెట్టుకుంది: జీతమొచ్చే డైరెక్టర్ పదవి, జీతమొచ్చే ఇతర పని, కంపెనీని శాసించేంత వాటా, డబ్బు తీసుకునే సలహాదారు పని, వృత్తిపరమైన ఒప్పందాలు, ఈ ఐదూ రాయాలి. లోక్‌సభలో అలాంటి రిజిస్టరు లేదు. 371 నంబరు రూలు ఒకటుంది, సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న సభ్యుడి ఓటు మీద అభ్యంతరం చెప్పొచ్చు, కానీ ఆ ప్రయోజనం ఆయన ఒక్కడిదే అయి ఉండాలి, ఒక వర్గం మొత్తానికి ఉండేదైతే లెక్కలోకి రాదు. రియల్ ఎస్టేట్ బిల్లు మీద రియల్ ఎస్టేట్ చేసే సభ్యుడు హాయిగా ఓటెయ్యొచ్చు, ఆయనలాంటివాళ్లు ఇంకా ఉన్నారు కదా!

ఈ రూలు గురించి చెబుతుంటే మావయ్య ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు, పొగాకు మనిషి కదా. 2015లో సిగరెట్ పెట్టెల మీద బొమ్మ హెచ్చరిక పెద్దది చేయాలా వద్దా అన్నది పార్లమెంటు కమిటీ ముందుకొచ్చింది. ఆ కమిటీలో సభ్యుడు అలహాబాద్ ఎంపీ శ్యామా చరణ్ గుప్తా, ఆయన వ్యాపారం బీడీలు. బీడీలు చేసే ఆయన బీడీ కట్ట మీద బొమ్మ ఎంత ఉండాలో తేల్చే కమిటీలో కూర్చోవడం ఏంటని అప్పట్లో పెద్ద గోలైంది, చివరికి 2016 ఏప్రిల్ 1 నుంచి పెట్టె మీద 85 శాతం బొమ్మ వచ్చింది. "మాకు గుర్తు లేకపోవడమేంట్రా, టొబాకో బోర్డు ఉన్నదే మన గుంటూరులో, ఆ నెలంతా మా ఆఫీసులో అదే మాట," అన్నాడు మావయ్య. "మరి ఆయన కమిటీలో ఉండటం తప్పు కాదా?" అంటే కాసేపు ఆలోచించి "పొగాకు గురించి తెలిసినవాడు ఒకడుండాలిగా" అన్నాడు. ఇదీ మన సమస్య. ఇంగ్లీషు పేపర్లు దీన్ని కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అంటాయి, తెలుగు పేపర్లు ప్రయోజనాల వైరుధ్యం అంటాయి, మా మావయ్య నిఘంటువులో దీని పేరు అనుభవం.

అబద్ధం రాస్తే? ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. గెలుపుని సవాలు చేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. మావయ్య లాగా రెండేళ్ల తర్వాత ప్లాటు కొనేటప్పుడు కనుక్కుంటే ఆ తలుపు మూసుకుపోయినట్టే. ఖాళీ వదిలితే మాత్రం కుదరదు, గడులు ఖాళీగా వదిలిన నామినేషన్ని తిరస్కరించొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే ఈ కాగితాల నిండా "నిల్", "వర్తించదు" అని ఉంటుంది, కాంట్రాక్టుల పేజీలో అయితే పై నుంచి కింద దాకా నిల్, నిల్, నిల్, పెళ్లిలో తలంబ్రాలు పోసినట్టు. 2024 ఏప్రిల్లో ఇంకో తీర్పు వచ్చింది, ప్రతి చిన్న వస్తువూ చెప్పక్కర్లేదు, ఓటరు నిర్ణయం మారేంత పెద్దదైతేనే చెప్పాలని. చేతి గడియారం, బీరువాలో చీరల దాకా ఎవరడిగారు గానీ, ఎంత పెద్దదైతే పెద్దది అన్నది ఎవరు తేలుస్తారు?

ఈ వస్తువు ఒంటరిగా పని చేయదు, పక్కన ఇంకో రెండు పెట్టుకోవాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో కంపెనీ పేరు కొడితే పుట్టిన తేదీ, చిరునామా, మూలధనం, డైరెక్టర్లు ఊరికే చూపిస్తుంది, వంద రూపాయలు కడితే ఆ కంపెనీ వేసిన కాగితాలన్నీ మూడు గంటల పాటు చూడొచ్చు, వాటాదారుల లిస్టుతో సహా. వన్‌టౌన్‌లో ఒక ప్లేటు బిర్యానీ కూడా రాని డబ్బుకి నాయకుడి బాకీల గడిలో ఉన్న ఒక పేరు మొత్తం విప్పి చూపించింది నాకు. భాగస్వామ్య ఫర్ములకి ఇంత సుఖం లేదు.

అలా తీగ లాగితే వచ్చింది ఇది. ఆ నాయకుడి భార్య గారి కాలమ్‌లో ఒక కంపెనీకి ఇచ్చిన అడ్వాన్సు 35 లక్షలు. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరి ఇంటిపేరు ఆవిడ పుట్టింటిది, విచారిస్తే తమ్ముడే. వెంచర్ బ్రోచర్ మీద కంపెనీ పేరు వేరే, కానీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న డోర్ నంబరు, ఫ్లోరుతో సహా, అదే. కాంట్రాక్టుల గడిలో నిల్. ఆ నిల్ అబద్ధం కాదు, వెంచర్ ప్రభుత్వ కాంట్రాక్టు కాదు కదా. బావమరిది ఆధారపడినవాడు కాదు. అడ్వాన్సు దాచలేదు, రాశారు. ఔటర్ రింగ్ రోడ్డు ఎటు పోవాలో, ఆ పక్కన ఏ పొలం దేనికి మారాలో మాట్లాడే మీటింగుల్లో ఆయన కూర్చుంటారు, అదీ తప్పు కాదు, గెలిచినవాడు కూర్చోక ఎవరు కూర్చుంటారు. అంతా శుభ్రంగా, నోటరీ ముద్రతో సహా ఉంది.

నా రేటింగు ఐదుకి రెండున్నర. భూమి తారీఖుకి ఒకటి, బాకీల గడికి ఒకటి, 9బి పెట్టినందుకు అర. ఇంటి కోసమో, పెళ్లి సంబంధం కోసమో ఎదుటివాళ్ల ఆస్తి కూపీ లాగే ఓపిక ఉన్నవాళ్లెవరైనా దీన్ని వాడొచ్చు, సీఏ చదవక్కర్లేదు, రెండు ఆదివారాలు, ఒక స్కేలు, ఎర్ర పెన్ను చాలు.

ఈ సంగతులన్నీ పట్టుకుని ఫిబ్రవరిలో గుంటూరు వెళ్లా. అత్తయ్య టిఫిన్ పెట్టింది, మావయ్య కళ్లజోడు పెట్టుకుని నేను గీతలు గీసిన పేజీలు ఒక్కొక్కటీ చూశాడు. డోర్ నంబర్ల దగ్గర ఆగి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. నేను కాస్త గర్వంగానే చెప్పా, "చూశావా మావయ్యా, ఆయన బావమరిదిదే. ఆయనే రోడ్డు వేయిస్తాడు, వాళ్లే ప్లాట్లు అమ్ముతారు. ఇందులో మనం వేలు పెట్టకపోతేనే మంచిది."

మావయ్య కళ్లజోడు తీసి నా వైపు చూశాడు. "అయితే రోడ్డు ఖాయం అన్నమాట. అదే కదరా నేను కనుక్కోమంది."

మర్నాడు అడ్వాన్సు ఇచ్చేశాడు. సాయంత్రం ఫోన్ చేసి, తూర్పు ఫేసింగు ఇంకోటి మిగిలిందట, ఏజెంటుతో మాట్లాడి శుక్రవారం దాకా ఆపించాను, నువ్వూ మీ ఆవిడా ఒకసారి వచ్చి చూసి పొండి అన్నాడు. నేను ఏం చెప్పలేదు. బ్రోచర్ మాత్రం మా ఫ్రిజ్ మీదే ఉంది, మా ఆవిడ దాని మీద పాలవాడి లెక్క రాసుకుంటోంది.